సిగరెట్ మాన్పించడంలో పరిశోధించడానికి ఏముంది?

ప్రశ్న: మనస్తత్వశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. పొగ తాగే అలవాటును మాన్పించే పద్ధతులపై పరిశోధన చేస్తున్న ఒక ఆచార్యుడి దగ్గర పీహెచ్‌డీకి అవకాశం వచ్చింది. చేరాలని ఉంది. కానీ ఇంట్లోవాళ్లు, స్నేహితులు ‘మానాలనుకున్నవాడు మానేస్తాడు, మనసు గట్టిగా లేనివాడు మానడు, ఇందులో పరిశోధించడానికి ఏముంది?’ అంటున్నారు. ఆ రంగంలోని పరిశోధన పత్రాలు కొన్ని చదివాను. మంచి పద్ధతి అని చెప్పుకునేవాటిలో కూడా ఏడాది తిరిగేసరికి నూటికి 80 మంది, అంతకన్నా ఎక్కువ మంది మళ్లీ తాగుతూనే ఉన్నారు. అది చూసి నీరుగారిపోయాను. మా నాన్న కూడా ఎన్నోసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టారు. పైగా నేను ఎప్పుడూ సిగరెట్ ముట్టుకోలేదు. తాగేవాళ్ల బాధ నాకెలా అర్థమవుతుంది? జీవితమంతా ఈ పనికి పెట్టడం సబబేనా?

సమాధానం: చేరండి. నా ఉద్యోగ జీవితం ఈ రంగంలోనే గడిచింది కాబట్టి ఆ మాట తడుముకోకుండా చెప్పగలను. అయితే చేరేముందు, మిమ్మల్ని నీరుగార్చిన ఆ 80 అనే అంకెను ఎలా చదవాలో తెలుసుకోవాలి. దాన్ని ఓటమి లెక్కగా చదివేవాళ్లు ఈ పనిలో ఎక్కువకాలం నిలవలేరు. నిలిచినా, తమకు తెలియకుండానే అంకెలకు మెరుగులు దిద్దే పనిలో పడతారు. అది ఈ పని మానుకోవడం కన్నా ప్రమాదం.

ముందు మీ ఇంట్లోవాళ్ల మాట తీసుకుందాం. ఎవరి సాయమూ లేకుండా మానేసినవాళ్లు లోకంలో కోట్లలో ఉన్నారు, కాదనను. కానీ వాళ్లు అంతకుముందు ఎన్నిసార్లు పూనుకుని ఎన్నిసార్లు విరమించుకున్నారో ఎవరూ లెక్కపెట్టరు. సొంతంగా మానాలని పూనుకున్నవాళ్లను మొదటి రోజు నుంచీ గమనిస్తూ వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలబడినవాళ్లు నూటికి 3 నుంచి 5 మంది మాత్రమే. జారిపోయినవాళ్లలో ఎక్కువమంది మొదటి 8 రోజుల్లోనే జారిపోయారు. మిగిలిన 95 మందికీ మనసు గట్టిగా లేదని అనగలమా? వాళ్లలో పిల్లల్ని పెంచి పెద్ద చేసినవాళ్లుంటారు, ఏళ్లతరబడి అప్పులు తీర్చినవాళ్లుంటారు, మంచం పట్టిన తల్లిదండ్రుల పక్కన రాత్రుళ్లు మేలుకున్నవాళ్లుంటారు. ఇన్నిటిలో గట్టిగా నిలిచిన మనసు ఈ ఒక్కదాని దగ్గర ఎందుకు సడలుతుంది? ఇంతకన్నా సూటిగా మనస్తత్వశాస్త్రానికి చెందిన ప్రశ్న మరొకటి నాకు తెలియదు.

జవాబులో కొంత భాగం అంకెల్లోనే ఉంది. పీల్చిన పొగలోని నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. ఒక్కో సిగరెట్‌కు సుమారు 10 దమ్ములు అనుకున్నా, రోజుకు 20 సిగరెట్లు తాగే మనిషి రోజుకు 200 సార్లు, ఏడాదికి 70 వేల సార్లకు పైగా ఆ ప్రతిఫలాన్ని అందుకుంటాడు. ఆ దమ్ములు గాలిలో ఊరికే కలిసిపోవు. ఒక్కొక్కటీ ఏదో ఒక సందర్భానికి ముడిపడి ఉంటుంది: ఫోను మోగడం, భోజనం ముగియడం, పని మధ్యలో బయటికి రావడం, ఎవరితోనో మాటా మాటా పెరగడం. సిగరెట్ మానేసినంత మాత్రాన ఆ సందర్భాలు మాయం కావు. తెల్లవారింది మొదలు అన్నీ వరసగా ఎదురవుతూనే ఉంటాయి.

ఈ సంగతి శాస్త్రవేత్తలకు కూడా త్వరగా ఒంటబట్టలేదు. పొగాకు వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని తేల్చిచెప్పిన 1964 నాటి అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన ప్రజారోగ్య అధికారి) నివేదిక కూడా పొగ తాగడాన్ని అలవాటుగానే లెక్కించింది, వ్యసనమనలేదు. అదే కార్యాలయం సిగరెట్ వ్యసనమేనని, దానికి కారణం నికోటినేనని ప్రకటించింది 1988లో. మధ్యలో 24 ఏళ్లు గడిచాయి. ఆ 24 ఏళ్లూ ప్రయోగశాలల్లో, వైద్యశాలల్లో కూర్చుని ఒక్కో ఆధారం పోగుచేసినవాళ్లలో మన విద్య చదివినవాళ్లు చాలామంది ఉన్నారు.

వాళ్లలో ఒకరు స్వీడన్ మనస్తత్వవేత్త కార్ల్ ఫాగర్‌స్ట్రోమ్. నికోటిన్ మీద ఎవరు ఎంతగా ఆధారపడి ఉన్నారో కొలవడానికి ఆయన 1978లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 1991లో దాన్ని సవరించి 6 ప్రశ్నలకు కుదించారు. ఇప్పటికీ లోకమంతా వాడుతున్నది అదే. అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న: నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారు? 5 నిమిషాల లోపు అంటే 10 మార్కులలో 3 అక్కడే పడతాయి. రాత్రంతా నికోటిన్ లేకుండా గడిపిన ఒళ్లు దాన్ని ఎంత ఆత్రంగా అడుగుతోందో ఆ ఒక్క జవాబు చెప్పేస్తుంది. ఇందులో మీ ఇంట్లోవాళ్లకు చెప్పదగ్గ విషయం ఒకటుంది. మానాలన్న కోరిక ఎంత బలంగా ఉందో తెలిస్తే, ఆ మనిషి ప్రయత్నం మొదలుపెడతాడా లేదా అన్నది కొంతవరకు ఊహించవచ్చు. మొదలుపెట్టిన ప్రయత్నం నిలుస్తుందా అన్నది మాత్రం ఆ కోరిక చెప్పదు. నికోటిన్ పట్టు ఎంత ఉందో చెప్పే ఇలాంటి కొలతలే దాన్ని బాగా చెబుతాయి. వేర్వేరు దేశాల్లో సాధారణ ప్రజలను గమనించిన అధ్యయనాలు మళ్లీ మళ్లీ చూపించింది ఇదే. అంటే ‘మానాలనుకున్నవాడు మానేస్తాడు’ అనే మాట పూర్తిగా తప్పు కాదు. అందులో ‘ప్రయత్నిస్తాడు’ దాకానే నిజం.

ఇక మీ 80 దగ్గరికి వద్దాం.

1979లో మైకేల్ రసెల్ అనే మానసిక వైద్యుడు, ఆయన బృందం లండన్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. 28 మంది సాధారణ వైద్యులు, వాళ్ల దగ్గరికి వేరే జబ్బులతో వచ్చిన 2 వేలకు పైగా పొగతాగేవాళ్లు అందులో పాల్గొన్నారు. కొందరికి ఏమీ చెప్పలేదు. కొందరికి ప్రశ్నలు మాత్రమే వేశారు. కొందరికి డాక్టరు ఒకటి రెండు నిమిషాలు మానమని చెప్పి పంపారు. ఇంకొందరికి ఆ సలహాతో పాటు ఒక కరపత్రం ఇచ్చి, తర్వాత మళ్లీ కనుక్కుంటామని చెప్పారు. మొదటి నెలలో మానేసి ఏడాది తర్వాత కూడా అలాగే నిలిచినవాళ్లు మొదటి జట్టులో నూటికి 0.3, చివరి జట్టులో 5.1. నూటికి ఐదుగురు! మీరైతే ఆ పత్రాన్ని పక్కన పెట్టేసేవారేమో. రసెల్ దాన్ని ఎలా చదివారో చూడండి. బ్రిటన్‌లోని సాధారణ వైద్యులందరూ ఆ రెండు నిమిషాలు వెచ్చిస్తే ఏడాదికి 5 లక్షల మందికి పైగా మానేస్తారని, అప్పటికి దేశంలో ఉన్న 50 చిల్లర ప్రత్యేక చికిత్సా కేంద్రాలను 10 వేలకు పెంచినా అంతమందిని మాన్పించలేమని ఆయన లెక్క వేశారు. చిన్న శాతం పెద్ద జనాభాను తాకినప్పుడు ఏమవుతుందో ఈ రంగంలో అందరికన్నా ముందు గ్రహించినవారిలో ఆయన ఒకరు.

ఆ ఐదుగురిలో ఒక్కొక్కరికీ దక్కేది ఎంతో కూడా తెలుసుకోండి. బ్రిటిష్ వైద్యులను 1951 నుంచి 50 ఏళ్లు వెంబడించిన రిచర్డ్ డాల్ బృందం 2004లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, జీవితాంతం సిగరెట్ తాగినవాళ్లు తాగనివాళ్లకన్నా సగటున 10 ఏళ్లు ముందుగా చనిపోయారు. 60 ఏళ్లకు మానేస్తే అందులో 3 ఏళ్లు, 50కి మానేస్తే 6, 40కి మానేస్తే 9, 30కే మానేస్తే దాదాపు మొత్తం 10 ఏళ్లూ తిరిగి దక్కుతాయి. ఇంత ఆయుష్షు ఇంత తక్కువ ఖర్చుతో చేతికిచ్చే చికిత్సలు వైద్యంలో ఎన్ని ఉన్నాయో మీ డాక్టరు స్నేహితులను అడగండి.

ఆ అంకె అంత కఠినంగా కనిపించడానికి మరో కారణం మేం లెక్కపెట్టే తీరు. 2005లో రాబర్ట్ వెస్ట్, పీటర్ హాయెక్ మొదలైన పరిశోధకులు ఈ రంగానికి ఒక కొలమానం ప్రతిపాదించారు. రసెల్ గౌరవార్థం దాన్ని రసెల్ ప్రమాణం అంటారు. మానేసిన వారానికి కాదు, ఆరు నెలలకో ఏడాదికో చూడాలి. ఆ కాలమంతటిలో 5 సిగరెట్లకు మించి తాగి ఉండకూడదు. నోటిమాట చాలదు, ఊపిరి పరీక్ష చేయాలి. అన్నిటికన్నా కఠినమైన నిబంధన: ఫోను ఎత్తనివాళ్లు, పరీక్షకు రానివాళ్లు మళ్లీ తాగుతున్నట్టే లెక్క. నూటికి 90 మందిని మాన్పించామని ప్రకటనలిచ్చేవాళ్లు ఎవరైనా కనిపిస్తే, ఎన్నాళ్లకు లెక్కపెట్టారు, తిరిగి రానివాళ్లను ఏ పద్దులో వేశారు అని అడగండి. 90 ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోతుంది. మీరు చదివిన పత్రాల్లో 80 కనిపించిందంటే, అక్కడ ఎవరో నిజాయితీగా లెక్కపెట్టారన్నమాట.

ఆ లెక్క పెట్టే గది ఎలా ఉంటుందో కూడా చెబుతాను, ఎందుకంటే మీ పీహెచ్‌డీలో చాలా గంటలు అక్కడే గడుస్తాయి. అరచేతిలో పట్టే పరికరం, దానికి తగిలించే అట్టగొట్టం. ఎదుటి మనిషి గాలి నిండా పీల్చి 15 సెకన్లు బిగబట్టి, మెల్లగా, ఖాళీ అయ్యేదాకా ఊదాలి. ఊదుతుంటే తెరమీద కార్బన్ మోనాక్సైడ్ అంకె ఒక్కొక్కటిగా ఎక్కుతుంది. 10 లోపు ఆగితే మానినట్టు. ఆ సమయంలో వాళ్లు మీ ముఖం చూడరు, ఆ తెరనే చూస్తుంటారు. కొందరు అంకె ఇంకా ఎక్కుతుండగానే గొట్టం తీసేసి, ‘నిన్న ఒక్కటే, అదీ సగమే’ అంటారు. మీరు అప్పుడు రెండు పనులు చేయాలి. కనిపించిన అంకె కనిపించినట్టు రాసుకోవాలి. మీ ముఖంలో నిరాశ కనిపించకూడదు. వినడానికి తేలిక. మొదటి ఏడాది చాలామందికి ఇది చేతకాదు, ఎందుకంటే వాళ్లు గెలవాలని మనకూ ఉంటుంది. పరికరానికీ పరిమితులున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ ఒంట్లో ఒక రోజుకు మించి పెద్దగా నిలవదు, కాబట్టి మూడు రోజుల కిందటి సిగరెట్‌ను అది పట్టుకోలేదు. నికోటిన్ ఒంట్లో మార్పు చెంది తయారయ్యే కోటినిన్ అనే పదార్థాన్ని లాలాజలంలో వెతికితే కొన్ని రోజుల వెనక్కి చూడవచ్చు. కానీ ఆ మనిషి నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించుకునే పట్టీ) వాడుతుంటే అందులోనూ అదే కనిపిస్తుంది. మనం ఇచ్చిన మందే మన సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. ఇలాంటి చిక్కుముడులు విప్పడం మీకు ఇష్టమో కాదో ఇప్పుడే ఆలోచించుకోండి, ఎందుకంటే పరిశోధన అంటే సగం ఇదే.

ఇక ‘ఏముంది’ అన్నవాళ్లకు ఇంకో జవాబు. అందరికీ తెలిసినట్టు అనిపించే విషయాలే ఈ రంగంలో ఎక్కువసార్లు తప్పని తేలాయి. ఒక్కసారిగా మానడం కన్నా రోజుకు కొన్ని తగ్గిస్తూ పోవడం తేలికని మనందరికీ తోస్తుంది కదా. 2016లో ఇంగ్లండ్‌లో 697 మందితో చేసిన అధ్యయనంలో, రెండు వారాల్లో క్రమంగా తగ్గించి మానినవాళ్లలో ఆరు నెలలకు నిలిచినవాళ్లు 15.5 శాతం. ఒక రోజు నిర్ణయించుకుని ఒక్కసారిగా ఆపేసినవాళ్లలో 22 శాతం. మెల్లగా తగ్గించడమే తమకు ఇష్టమని ముందు చెప్పినవాళ్లలో కూడా ఒక్కసారిగా మానడమే ఎక్కువ ఫలితమిచ్చింది. అలాగే, సిగరెట్ మనసును తేలికపరుస్తుందని తాగేవాళ్లే కాదు, కొందరు వైద్యులు కూడా నమ్ముతారు. మానినవాళ్లనూ మాననివాళ్లనూ పోల్చిన 26 అధ్యయనాలను 2014లో ఒకచోట చేర్చి చూశారు. మానినవాళ్లలోనే ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయి. రెండు సిగరెట్ల మధ్య నికోటిన్ తగ్గి పుట్టే చిరాకును తర్వాతి సిగరెట్ తీరుస్తుంది. ఆ ఉపశమనాన్నే మనిషి మందు అనుకుంటాడు. ఎప్పుడూ నిప్పు పెట్టేవాడే ఆర్పడానికీ ముందు పరుగెత్తుకొస్తే వాడు ఊరికి ఉపకారిగా కనిపించడా?

సిద్ధాంతాలకూ ఇదే గతి పట్టింది. ప్రొచస్కా, డిక్లెమెంటి అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1983లో చెప్పిన మార్పు దశల సిద్ధాంతం మీరు ఎమ్మెస్సీలో చదివే ఉంటారు. మనిషి మానడం గురించి ఆలోచించని దశ, ఆలోచించే దశ, సిద్ధపడే దశ, ఇలా మెట్లు ఎక్కుతాడని, ఏ మెట్టు మీద ఉన్నవాడికి తగ్గ సలహా వాడికి ఇవ్వాలని దాని సారాంశం. చాలా అందమైన ఊహ, లోకమంతా వాడింది. తీరా పరీక్షించి చూస్తే, దశను బట్టి ఇచ్చిన సలహా మామూలుగా ఇచ్చిన సలహా కన్నా మెరుగని తేలలేదు. రాబర్ట్ వెస్ట్ 2005లో దాన్ని ఇక విశ్రమించనిద్దామని బాహాటంగా రాశారు. మీ మార్గదర్శి దగ్గర కూడా ఏదో ఒక ఇష్టమైన సిద్ధాంతం ఉంటుంది. దాన్ని పరీక్షించి కూలగొట్టే స్వేచ్ఛ మీకు ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇంకొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. సైటిసిన్ అనే పదార్థంతో చేసిన మాత్ర బల్గేరియాలో 1960ల నుంచీ అమ్ముతున్నారు. చవకైన మందు, ఒక మొక్క గింజల నుంచి తీసేది. అది నిజంగా పనిచేస్తుందా అని నేటి ప్రమాణాలతో, ఏడాది పాటు వెంబడించి చేసిన పెద్ద అధ్యయనం వెలువడింది 2011లో. వార్సాలో 740 మంది మీద జరిగింది. మాత్ర తీసుకున్నవాళ్లలో 8.4 శాతం, మందు లేని మాత్ర తీసుకున్నవాళ్లలో 2.4 శాతం ఏడాది దాకా నిలిచారు. పొగాకు ఏటా 70 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తున్న లోకంలో, ఒక చవక మందు సంగతి తేల్చడానికి దశాబ్దాలు పట్టింది. ఆ పరిశోధనకు ముందు నడిచిన రాబర్ట్ వెస్ట్ డాక్టరు కాదు, మీలాగే మనస్తత్వశాస్త్రం చదివినవారు.

తాగనివాళ్లకు ఆ బాధ ఎలా తెలుస్తుందని అడిగారు. ఒకప్పుడు తాగి మానేసినవాళ్లకు తెలిసేది తమ బాధ. అది వాళ్లకు కొన్నిసార్లు అడ్డే అవుతుంది; ‘నేను ఇలా మానాను’ అన్న మాట పెదవి దాటిందంటే ఎదుటి మనిషి చెప్పబోయేది ఆగిపోతుంది. మీకు ఆ ఇబ్బంది లేదు. మీరు వినాలి, గమనించాలి. నికోటిన్ చూయింగ్ గమ్ అలాంటి గమనింపు నుంచే పుట్టింది. జలాంతర్గాముల్లో పొగ తాగే వీలులేని సిబ్బంది నోట్లో పెట్టుకునే పొగాకుకు మారుతున్నారని గమనించిన స్వీడన్ శాస్త్రవేత్త ఒకరు 1967లో ఆ సంగతి మందుల కంపెనీలో పనిచేసే ఓవె ఫెర్నో అనే రసాయన శాస్త్రవేత్తకు రాశారు. ఆ ఉత్తరం నుంచి ఒక చికిత్సా విధానమే తయారైంది. సాల్ షిఫ్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఇంకో అడుగు ముందుకు వేశారు. ఎలా జారిపోయారని నెల తర్వాత అడిగితే మనుషులు తమకు గుర్తున్న కథ చెబుతారు తప్ప జరిగింది చెప్పలేరు. అందుకని ఆయన మానేసినవాళ్ల చేతికి చిన్న కంప్యూటర్లు ఇచ్చి, తహతహ పుట్టిన ఆ నిమిషంలోనే రాయమన్నారు. దిగులు, కోపం, మద్యం, పక్కన ఎవరో వెలిగించడం ఇలాంటివి కారణాలుగా బయటపడ్డాయి. అంతకన్నా విలువైనది ఆయన తొలి అధ్యయనాల్లోనే తేలింది: ఆ నిమిషంలో ఏదో ఒకటి చేసినవాళ్లు, అక్కడినుంచి లేచి వెళ్లడమైనా, తమకు తాము ఏదో చెప్పుకోవడమైనా సరే, ఏమీ చేయనివాళ్లకన్నా ఎక్కువగా గట్టెక్కారు.

ఒక పని చేయండి. చేరేముందు పొగ మాన్పించే కేంద్రం ఏదైనా ఉంటే, అనుమతి తీసుకుని కొన్ని వారాలు వెనక కుర్చీలో కూర్చోండి. మొదటి వారం చిరాకు, ఆకలి, నిద్రలేమి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం ఎలా ఉంటాయో చూస్తారు. రెండు నుంచి నాలుగు వారాల్లో వాటిలో చాలావరకు ఎలా సద్దుమణుగుతాయో కూడా చూస్తారు. రెండో వారంలో జారిపోయి, సిగ్గుపడుతూ మూడో వారం తిరిగి వచ్చిన మనిషిని చూసినప్పుడు మీకు ఏమనిపిస్తుందో గుర్తుపెట్టుకోండి. విసుగు పుడితే ఈ పని మీది కాదు. ఎక్కడ, ఎప్పుడు, పక్కన ఎవరున్నారు అని అడగాలనిపిస్తే మీదే.

మీ నాన్నగారి విషయం వేరుగా చెప్పాలి. ఆయన కోసం పీహెచ్‌డీ చేయకండి. ఆయన మానకపోతే మీ పరిశోధన ఓడినట్టూ, మానేస్తే గెలిచినట్టూ అనిపిస్తుంది. రెండూ మీ చూపును చెడగొడతాయి. ఆయనను ఇంట్లో ప్రశ్నావళితో పరీక్షించకండి. ఇంటి బిడ్డగా మీరు చేయగలిగినవి ఉన్నాయి. ఎన్నోసార్లు మానేసి మొదలుపెట్టారన్నారు. ఆ సార్లను దెప్పకండి. ఎప్పుడు ఎక్కువ రోజులు నిలిచారో, ఏ రోజు ఏం జరిగి మళ్లీ వెలిగించారో తీరిగ్గా వినండి. ఈసారి ఒంటరిగా వద్దని చెప్పండి. నికోటిన్ ప్యాచ్, చూయింగ్ గమ్ వంటివి మానే అవకాశాన్ని సుమారు ఒకటిన్నర రెట్లు చేస్తాయి. రోజంతా నిలకడగా పనిచేసే ప్యాచ్, తహతహ పుట్టినప్పుడు నమిలే గమ్ కలిపి వాడితే ఒక్కటే వాడినదానికన్నా మేలు. డాక్టరు సలహాతో మాత్రలూ ఉన్నాయి. వీటికి ఎవరైనా శిక్షణ పొందినవాళ్ల మాట సాయం తోడైతే ఇంకా మంచిది. వయసు మించిపోయిందని ఆయన అంటే, 60 ఏళ్లకు మానినా 3 ఏళ్లు దక్కుతాయన్న డాల్ లెక్క చెప్పండి.

చివరగా, డబ్బు సంగతి. మీరు ఉత్తరంలో అడగలేదు కానీ, ఈ రంగంలో అడుగుపెట్టే ఎవరికైనా దీన్ని చెప్పకుండా పంపను. అమెరికా సిగరెట్ కంపెనీలు 1954లో పరిశోధన పేరుతో సొంత కమిటీనే పెట్టుకున్నాయి. అనుమానాన్ని సజీవంగా ఉంచడానికి అది 40 ఏళ్లకు పైగా పనిచేసింది. మన విద్యలో పెద్దపేరున్న హాన్స్ ఐసెంక్ కూడా పొగాకు కంపెనీల డబ్బు తీసుకున్నవారే. క్యాన్సర్ రావడంలో సిగరెట్ కన్నా మనిషి స్వభావానిదే పెద్ద పాత్ర అని వాదించిన పత్రాల్లో ఆయన పేరు ఉంది. 2019లో కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ జరిపి, సహరచయిత గ్రోసార్త్ మాటిచెక్‌తో కలిసి ఆయన రాసినవాటిలో 26 పత్రాలు నమ్మదగినవి కావని తేల్చింది. తర్వాత వాటిలో కొన్నిటిని పత్రికలు ఉపసంహరించుకున్నాయి. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది, ఎందుకంటే ఐసెంక్ ఆచార్యుడిగా ఉన్న లండన్ మానసిక వైద్య సంస్థలోనే, ఆ రోజుల్లోనే, మైకేల్ రసెల్ తన నూటికి ఐదుగురిని లెక్కపెడుతున్నారు. పొగాకు కంపెనీ డబ్బు ఏ పేరుతో వచ్చినా, ఏ ట్రస్టు చేతిమీదుగా వచ్చినా ముట్టుకోకండి. మందుల కంపెనీల నిధులు వేరే సంగతి. వాటిని తీసుకునే మంచి పరిశోధకులున్నారు. కానీ ఎంత తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో పత్రంలో రాసి తీరాలి. ఈ-సిగరెట్ల మీద మీరు ఏం రాసినా రెండు వైపుల నుంచీ రాళ్లు పడతాయి. 2019లో ఇంగ్లండ్‌లో 886 మందితో చేసిన అధ్యయనంలో వాటితో 18 శాతం, ప్యాచ్ వంటివాటితో 9.9 శాతం ఏడాది దాకా సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. అయితే ఈ-సిగరెట్‌తో మానినవాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా దాన్ని వదల్లేదు. ఈ రెండు వాక్యాల్లో ఒక్కదాన్నే ఎత్తి చూపేవాళ్లతో జాగ్రత్త.

పనికి సంబంధించిన చిన్న విషయాలు కొన్ని. ఏడాది పాటు వెంబడించాల్సిన అధ్యయనాన్ని మూడేళ్ల పీహెచ్‌డీలో మొదటినుంచి చివరిదాకా మీరే నడపడం కష్టం. అనుమతులకూ, మనుషులను చేర్చుకోవడానికీ అనుకున్నదానికి రెట్టింపు కాలం పడుతుంది. అందుకని ఇప్పటికే నడుస్తున్న పెద్ద అధ్యయనంలో ఒక భాగం మీకు అప్పగిస్తారా అని అడగండి. గణాంకశాస్త్రం గట్టిగా నేర్చుకోండి, పక్కవాళ్ల మీద ఆధారపడకండి. ఏం కొలుస్తారో, ఏది గెలుపుగా లెక్కిస్తారో మొదటి మనిషిని చేర్చుకోకముందే బహిరంగంగా నమోదు చేయించే అలవాటు మీ మార్గదర్శికి ఉందో లేదో చూడండి. ఆయన పాత విద్యార్థులతో మాట్లాడండి, ముఖ్యంగా మధ్యలో మానేసినవాళ్లతో. ఆ తర్వాత ఆయననే ఒక ప్రశ్న అడగండి: మీరు మంచిదనుకున్న పద్ధతి పనిచేయలేదని తేలిన అధ్యయనాన్ని చివరిసారి ఎప్పుడు ప్రచురించారు? తడుముకోకుండా పత్రం పేరు చెబితే, ఆ సాయంత్రమే అంగీకారపత్రం పంపండి.